షరతు కోరినవారు

(ఒక పఠనమందిర సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గత నెలలో ఈ మందిరముననే, సాయంకాలము పత్రికలు చదువుకొను వేళ, ఒక చిన్న వివాదము పుట్టినది. ఇరాను దేశమును గూర్చిన వ్యాసమొకదానిలో "మష్రూతాఖ్వాహ్" అను మాట కనబడెను. ప్రక్కనే "రాజ్యాంగవాది" యని అర్థము వ్రాసియుండెను. ఒక పెద్దమనిషి, "అనగా అర్జీలు పెట్టుకొనుచు, ఏలువారికి కోపము రాకుండ మాటలాడువాడన్నమాట" యనిరి. కళాశాలలో చదువుచున్న కుఱ్ఱవాడొకడు, "కాదు తాతగారూ, పోయిన రాజు మరల రావలెననువాడు" అనెను. మూడవ వారు, "ఎవరైననేమి, చట్టపు పుస్తకమును కన్నులకద్దుకొనువాడే రాజ్యాంగవాది" యని తేల్చివేసిరి. నేను న్యాయవాదిని, పైగా ఈ మందిరపు కార్యదర్శిని. కావున తీర్పు చెప్పుమని నావైపు తిరిగిరి. ఆనాడు చెప్పలేకపోతిని. ఇంటికి పోయి పుస్తకములు తిరుగవేసితిని. ఆ బాకీ ఈనాడు తీర్చుకొనుచున్నాను.

ముందుగా మాట సంగతి. చెవికి పరాయిదిగా తోచును గాని, ఇందలి రెండు ముక్కలును మన కచేరీలలో దినదినము పలుకబడుచున్నవే. "మష్రూతా" యనునది అరబ్బీలోని "షర్త్" నుండి పుట్టినది. మన దస్తావేజులలోని "షరతు" అదియే. "ఖ్వాహ్" అనగా పారసీకమున కోరువాడు. మనము నిత్యము వ్రాయు "దరఖాస్తు"లోని "ఖాస్తు" ఆ ధాతువునకు చెందినదే. కావున "మష్రూతాఖ్వాహ్" అనగా షరతు కోరువాడు. ఫ్రెంచి భాషలో రాజిచ్చు శాసనపత్రమునకు గల పేరునుండి ఈ మాట వచ్చినదని చెప్పిన పండితులును కలరు. ఎట్లైనను, 1876లో తుర్కీ సుల్తాను ప్రకటించిన రాజ్యాంగ పరిపాలనకును ఈ ధాతువునుండి వచ్చిన పేరే నిలిచినది. ఇరానీయులు దానిని తమ పొరుగువారినుండియే గ్రహించిరి.

ఎవరిపై షరతు? ఇదియే ప్రశ్న. బాడుగకున్నవానిపై ఇంటి యజమాని షరతు పెట్టును. ఋణము తీసికొన్నవానిపై సాహుకారు షరతు పెట్టును. బలవంతుడు బలహీనునిపై పెట్టు షరతు లోకమందంతట కలదు. దానిని కోరుటకు ఉద్యమమక్కఱలేదు. బలహీనులైన బజారుజనులు సింహాసనమునందున్నవానిపై షరతు కోరిరి. అందుచేతనే ఆ మాట విప్లవమైనది. దానికి ఎదురుమాట "ముస్తబిద్". అనగా ఎవరి ఆలోచనయు పాటింపక, తన యిచ్ఛయే చట్టమని నడచువాడు. ఈ రెండు మాటల నడుమ ఇరాను దేశము ఆఱేండ్లు రక్తము చిందించినది.

ఆ కథ చక్కెరతో ఆరంభమైనది. 1905లో రుష్యా జపానుల యుద్ధమువలన ఇరానునకు వచ్చు చక్కెర తగ్గి, వెల పెరిగెను. డిసెంబరులో టెహరాను గవర్నరు, వెల పెంచిరన్న నెపమున, కొందఱు వర్తకులను పట్టి తెప్పించి అరికాళ్లపై బెత్తములతో కొట్టించెను. వారిలో ఒకరు మసీదులు కట్టించిన వయోవృద్ధుడు. విచారణ లేదు, సాక్ష్యము లేదు, అప్పీలు లేదు. మఱునాడు బజారు మూతపడినది. మతాచార్యులును వర్తకులును టెహరానునకు దక్షిణమునగల షా అబ్దుల్ అజీము దర్గాలో శరణుజొచ్చిరి. వారేమి కోరిరి? పార్లమెంటు కోరలేదు. "అదాలత్‌ఖానా" కోరిరి. అదాలతన్న మాటయు మనకెఱుకయే. కొట్టుటకు ముందు విచారించు చోటు ఒకటి కావలెనని మాత్రమే వారి ప్రార్థన. షా సరేయనెను, పిమ్మట మఱచెను.

1906 వేసవిలో మరల రగిలినది. ఈమాఱు మతాచార్యులు కుమ్ పట్టణమునకు వెడలిపోయిరి. వర్తకులు, వృత్తిసంఘములవారు, విద్యార్థులు బ్రిటిషు రాయబారి కార్యాలయపు తోటలో చేరిరి. పన్నెండువేలకు పైగా జనము! ఒక్కొక్క వృత్తివారికి ఒక్కొక్క డేరా. పెద్దపెద్ద గంగాళములలో వంట. చదువుకొన్నవారు ఆ డేరాలలో నిలుచుండి, ఇతర దేశములలో రాజుల అధికారమునకు హద్దులెట్లున్నవో చెప్పుచుండ, దర్జీలును చెప్పులు కుట్టువారును కూర్చుండి వినిరి. అదియు ఒక పఠనమందిరమే యనవచ్చును. ఆ డేరాలలోనే అదాలత్‌ఖానా కోరిక మష్రూతా కోరికయైనది. ఏలయన, న్యాయస్థానమునిచ్చినవాడే దానిని మూసివేయగలిగినచో అది న్యాయస్థానము కాదు, దయ. దయకు అప్పీలు లేదు.

1906 ఆగస్టు 5వ తేదీన ముజఫ్ఫరుద్దీన్ షా ఫర్మానా వెలువరించెను. ఎన్నికైన సభ, అనగా మజ్లిస్, ఏర్పడుననెను. కాని ఆ ఫర్మానాలో "మష్రూతా" అన్న మాట లేదు! అక్టోబరులో మజ్లిస్ తెరవబడెను. డిసెంబరు 30వ తేదీన మరణశయ్యపైనున్న షా మూలశాసనముపై సంతకము చేసెను. కొలది దినములకే గతించెను. కొమారుడు ముహమ్మదలీ షా రాజ్యమునకు వచ్చెను. అప్పుడు మాటను గూర్చి పెనుగులాట మొదలైనది. ఆస్థానము వారు "మష్రూతా" వలదు, "మష్రూఆ" యనుడనిరి. వినుటకు ఒక్క అక్షరమే భేదము. మొదటిది షరతునకు లోబడినది. రెండవది షరీయతునకు లోబడినది. 1907 ఫిబ్రవరిలో తబ్రీజు పట్టణవాసులు పట్టుపట్టి, ఇరాను ప్రభుత్వము మష్రూతాయేయని షాచేత ఒప్పించిరి. వకీలు వృత్తిలోనున్న నాకు ఇది వింతగా తోచలేదు. ఒక్క అక్షరముపై ఆస్తులు పోయిన దావాలు నేనెఱుగుదును.

ఇది మతమునకును రాజ్యాంగమునకును జరిగిన పోరని తలచితిరా, పొరబాటు. షేక్ ఫజ్లుల్లా నూరి "మష్రూఆ" పక్షము వహించెను. దైవశాసనముండగా మనుష్యులకు శాసనము చేయు హక్కెక్కడిదని అడిగెను. అది కపటపు ప్రశ్న కాదు. కాని నజఫు నగరమున ఖురాసానీ మొదలైన మహావిద్వాంసులు మజ్లిసునే బలపఱచిరి. నాయీనీ యను పండితుడు 1909లో ఒక గ్రంథము వ్రాసి, పరిపూర్ణమైన ధర్మప్రభువు కంటికి కానరాని కాలమున ప్రతి ప్రభుత్వమును కొంత అపహరణమే. హద్దులేని అపహరణముకంటె హద్దుగల అపహరణము తక్కువ పాపమని వాదించెను. అధికారమును సంపూర్ణముగ పవిత్రమొనర్ప శక్యముగాదు, కనీసము కట్టివేయవచ్చును. షరతు కోరువాని తత్త్వమంతయు ఇందే కలదు.

1907 అక్టోబరులో వచ్చిన అనుబంధ శాసనమున 35వ అధికరణమొకటి కలదు. రాజ్యాధికారము దైవానుగ్రహమున, ప్రజలచేత, రాజువద్ద ఉంచబడిన నిక్షేపమని దాని తాత్పర్యము. వారు వాడిన మాటకు న్యాయశాస్త్రమున దాచుకొనుటకిచ్చిన సొత్తని అర్థము. పొరుగూరికి పోవుచు మీ ఇంట దాచుమని ఇచ్చిన నగను మీరు ధరింపవచ్చునా? తాకట్టు పెట్టవచ్చునా? అడిగినప్పుడు తిరిగి ఈయవలసినదే కదా! ఆగస్టు నాటి ఫర్మానా దానపత్రము. అక్టోబరు నాటి శాసనము నిక్షేపపత్రము. పదునాలుగు నెలలలో ఇరానీయులు యాచకులనుండి సొత్తుగలవారైరి.

ముహమ్మదలీ షా 1907 నవంబరులో మజ్లిసునకు వచ్చి రాజ్యాంగమునకు బద్ధుడనని ప్రమాణము చేసెను. ఏడు నెలలు నిండగనే, 1908 జూన్ 23న, లియాఖోఫ్ అను రుష్యా సేనాని ఆధిపత్యమునగల కజాకు దళము మజ్లిసు భవనముపై ఫిరంగులు కాల్చినది. పత్రికాధిపతి జహంగీర్ ఖానును, ఉపన్యాసకుడు మలికుల్ ముతకల్లిమీనును మఱునాడు షా తోటలో చంపించిరి. తబ్రీజు ఒక్కటి లొంగలేదు. ఇండ్లపై తెల్లజెండాలు ఎగురుచుండ, గుఱ్ఱపు వ్యాపారియైన సత్తారు ఖాను వీధివెంట పోవుచు వానిని పడగొట్టించెను. ముట్టడి నెలల తరబడి సాగినది. జనులు గడ్డి తినిరి. బాస్కర్‌విల్ అను ఇరువదినాలుగేండ్ల అమెరికా ఉపాధ్యాయుడు తన శిష్యులతో కలిసి పోరి 1909 ఏప్రిలులో నేలకూలెను. జూలైలో ఉత్తరమునుండి గీలాను సేనలును, దక్షిణమునుండి బఖ్తియారీలును టెహరాను ప్రవేశించిరి. షా పదభ్రష్టుడయ్యెను, చిన్నవాడైన ఆయన కొమారుని సింహాసనమునందు కూర్చుండబెట్టిరి.

సాధారణముగ ఉపన్యాసకులు ఇచ్చట ఆగి చప్పట్లు కొట్టింతురు. నేను ఆగను. షరతు కోరినవారు గెలిచిరి. ఇక వారిపై షరతు ఎవరు పెట్టుదురు?

గెలిచిన నెలలోనే, 1909 జూలై 31న, నూరిని ప్రత్యేక విచారణసభ యెదుట నిలిపి, బహిరంగముగ ఉరిదీసిరి. ఆయన షాకు తోడుపడెను, అది నిజము. కాని విచారణ లేకుండ వర్తకులను కొట్టిరనియే కదా ఈ ఉద్యమము పుట్టినది! గెలిచినవారు అప్పటికప్పుడు ఏర్పఱచిన సభ యెదుట, ఓడినవానికి అప్పీలు ఎక్కడిది? 1910 జూలైలో, ఉద్యమమునకు తొలినుండి నాయకుడైన బెహ్బహానీని హంతకులు ఆయన ఇంటనే కాల్చి చంపిరి. ఆగస్టులో ఆయుధములప్పగింపని సత్తారు ఖాను అనుచరులపై మష్రూతా ప్రభుత్వపు సేనలే కాల్పులు జరిపినవి. ఫిరంగులకు వెఱవని తబ్రీజు వీరుడు స్వపక్షపు తుపాకిగుండుచే కాలు విఱిగి, 1914లో మరణించెను.

పరాయివారి పాపము మఱువరాదు. 1907 ఆగస్టు 31న ఇంగ్లండును రుష్యాయు ఇరానును తమ ప్రాబల్యమండలములుగా పంచుకొన్నవి, ఇరానీయుల నడుగనైనలేదు. 1911లో మజ్లిసు నియమించిన అమెరికా కోశాధికారి షస్టరును తొలగింపుమని రుష్యా తాకీదు పంపెను. మజ్లిసు నిరాకరించినది. ఆ దినములలో మూడువందలమంది స్త్రీలు మేలిముసుగులతో మజ్లిసునకు వచ్చిరనియు, కొందఱి వస్త్రములలో పిస్తోళ్లుండెననియు షస్టరు తన గ్రంథమున వ్రాసెను. సభ్యులు లొంగరాదని హెచ్చరించుటకు వారు వచ్చిరి. ఆ సభకు ఓటు వేయు హక్కు వారికి లేదు! ఎన్నికల శాసనము వారిని తొలగించినది. 1963 వఱకును వారికి ఓటు రాలేదు. తమను లెక్కింపని షరతును గూడ కాపాడవచ్చిన ఆ తల్లులకంటె గొప్ప మష్రూతాఖ్వాహులు నాకు కానరారు. 1911 డిసెంబరులో మంత్రివర్గము తాకీదునకు తలయొగ్గినది, మజ్లిసు మూయబడినది.

ఇక పెద్దమనిషిగారి అర్థమునకు వత్తును. అది ఇరానుది కాదు, మనది. 1907లో ముహమ్మదలీ షా ప్రమాణము చేసిన మఱుసటి నెలలోనే మన కాంగ్రెసు సూరతులో చీలినది. "కాన్‌స్టిట్యూషనల్" ఆందోళనమే మా మార్గమని మితవాదులనిరి. ఆ యేటనే రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిన బిపినచంద్రపాలుగారివంటి వారు ఆ మార్గమును పరిహసించిరి. గమనింపుడు: టెహరానులో ఆ మాటకు పాలకుని చట్టములో పెట్టుటయని అర్థము, మన దేశమున పాలకుని చట్టములో మనముండుటయని అర్థము. ఒకే ఇంగ్లీషు మాట రెండు ఎదురు దిక్కులు చూపినది. మితవాదులు పిఱికివారని నేననను; వారిలో మహానుభావులు కలరు. కాని పెట్టుటకు ఎవరికిని హక్కులేని షరతును పాటించుట విధేయత యగును గాని రాజ్యాంగవాదము కాదు.

కుఱ్ఱవాని అర్థమును తప్పు కాదు. 1925లో మజ్లిసు పాత రాజవంశమును తొలగించినది. ప్రధానమంత్రి రెజాఖాను రాజయ్యెను. ఆనాడు ఎదురు నిలిచిన కొద్దిమందిలో ముసద్దిక్ ఒకడు. రెజాఖాను సమర్థుడని ఆయన ఒప్పుకొనెను. ఆయన వాదము వేఱు. మష్రూతాలో రాజు పరిపాలింపరాదు. కావున రెజాఖాను రాజైనచో సమర్థుడైన మంత్రిని పోగొట్టుకొందుము. రాజై పరిపాలించునా, అది నిరంకుశత్వము. ఇంత చక్కని వాదమును కోర్టులో వినుట అరుదు. ఓట్లలో ఓడిపోయినది. పిమ్మట మజ్లిసుండెను, ఎన్నికలుండెను, మష్రూతా యను పేరుండెను. షరతు మాత్రము లేదు. 1979లో రాజరికము పోయి, 1906 నాటి రాజ్యాంగమును రద్దయ్యెను. దేశాంతరము పోయినవారిలో, షరతులకు లోబడిన రాజు తిరిగి రావలెననువారు తమను మష్రూతాఖ్వాహులని చెప్పుకొనిరి. రాజు వచ్చినను షరతుతోనే రావలెననుట వారి వాదము, దానిని వినవలసినదే. కాని రాజుపై షరతు కోరినవాని పేరు, షరతుపై రాజును కోరువాని పేరైనదని గుర్తుంచుకొనుడు. మాట అదియే, భారము ఒక అర నుండి మఱొక అరకు మాఱినది.

ముసద్దిక్ కథ ముగింపకున్న నేను ఏకపక్షపు వకీలునగుదును. 1951లో ఆయన ప్రధానియై చమురును జాతీయము చేసెను. 1953 ఆగస్టులో మజ్లిసును రద్దుపఱచుటకు రాజ్యాంగమున లేని ప్రజాభిప్రాయ సేకరణము జరిపెను. ఔననువారికి ఒక చోట, కాదనువారికి వేఱొక చోట పెట్టెలు! పరాయి గూఢచారులు, కొనబడిన సభ్యులు తనను చుట్టుముట్టిరని ఆయన నమ్మెను; ఆ నమ్మకము నిరాధారము కాదు. ఆ నెలలోనే బ్రిటిషు, అమెరికా గూఢచారుల తోడ్పాటుతో ఆయనను కూలద్రోసిరి. ఆయన దేశభక్తిని నేను శంకింపను. అయినను 1925లో అంతటి వాదము చేసినవాడే, ఆపత్సమయమున షరతును ప్రక్కకు త్రోసెను.

కావున మూడవవారికి నా ప్రత్యుత్తరమిది: పుస్తకమును కన్నులకద్దుకొనుట సులభము. ముహమ్మదలీ షాయు ప్రమాణము చేసెను. శత్రువుపై షరతు కోరుటయు సులభమే. కోపమున్న ప్రతివాడును చేయును. తన కార్యము మంచిది, తన మనుష్యులు మంచివారు, సమయము కఠినమైనది, షరతు అడ్డుగానున్నది. అప్పుడు గూడ, ఇది నిక్షేపము, నాది కాదు, అని చేయి వెనుకకు తీసికొనువాడే ఆ పేరునకు తగినవాడు.

మన రాజ్యాంగమును ఏ రాజును ఫర్మానాగా ఈయలేదు. 1949 నవంబరు 26న ప్రజల పేర మన ప్రతినిధులే దానిని అంగీకరించిరి. ఆ విషయమున మనము 1906 నాటి టెహరానుకంటె అదృష్టవంతులము. కాని మనలో అందఱును రాజ్యాంగవాదులమని చెప్పుకొనుచుండుట చూడగా, ఆ మాట చౌకయైనదేమోయని నాకు భయము. అది ఢిల్లీలోనే పరీక్షింపబడునని తలపకుడు. ప్రతి సంఘమునను, ప్రతి పంచాయతీలోను పరీక్షింపబడుచున్నది.

దూరమేల? ఈ మందిరపు నియమావళి ఎదుటి గోడకే వ్రేలాడుచున్నది. ఏటేట కార్యవర్గమునకు ఎన్నిక జరుగవలెనని నాలుగవ నియమము. రెండేండ్లుగా ఎన్నిక జరుగలేదు. వాయిదా వేయించినది నేనే. కారణములు మంచివే: భవనపు మరమ్మతు నడుమ ఆగరాదు, చందాలు వసూలగుచున్నవి, క్రొత్తవారికి అనుభవము లేదు. ఎవరును అడుగలేదు; అడుగకుండ ఉపాయముగ నడపితిని. ఈ ప్రసంగము వ్రాసికొనుచు, ముస్తబిద్ అను మాటకు అర్థము వ్రాసినచోట నా కలము ఆగినది. చందా పుస్తకము, తాళపుచెవులు, ఈ నియమావళి మీరు నావద్ద దాచినవి. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఎన్నిక. ప్రకటన తలుపుపై అంటించితిని. ఈ దినము ఇక్కడలేని సభ్యులకు గూడ తెలియజేయుడు. ముఖ్యముగ నన్ను ఎదిరించువారికి.